జపాన్ వాళ్ల ఇంటి వంటగదిలో వంట నేర్చుకోవడం ఎలా?

సుషీ, రామెన్ నేర్చుకుందామని జపాన్‌లో ఒక ఇంటి తలుపు తడితే నిరాశే మిగులుతుంది. చేత్తో ఒత్తి చేసే సుషీని అక్కడివాళ్లు ఎక్కువగా బయట తింటారు. రామెన్ కోసం ఎముకలు గంటలకొద్దీ మరిగించడమూ దుకాణం పనే. ఇళ్లలో మామూలుగా వండుకునేది అన్నం, పులియబెట్టిన సోయా ముద్ద ‘మిసో’తో చేసే సూప్, ఒక చేపో గుడ్డో, పక్కన రెండు చిన్న కూరలు, కాస్త ఊరగాయ. ఒక సూపు, మూడు కూరల ఈ అమరికను ‘ఇచిజూ సన్‌సాయ్’ అంటారు. 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చిన ‘వాషోకు’ భోజన సంప్రదాయానికి ఇదే పునాది. మీరు నేర్చుకోవాల్సింది ఇది.

రెసిపీలకైతే యూట్యూబ్ చాలు, అంత దూరం వెళ్లక్కర్లేదు. వండే మనిషి పక్కన నిలబడితే తెలిసేవి వేరే: ఏది ముందు, ఏది వెనక, మంట ఎప్పుడు తగ్గించాలి, చెయ్యి ఎక్కడ ఆపాలి. మనవాళ్లకు కష్టమయ్యేది ఆ చివరిదే. చప్పగా అనిపించగానే ఇంకాస్త ఉప్పో కారమో పడాలనిపిస్తుంది. ఆగడం నేర్చుకుంటే మిగతా వంటంతా సులువు.

1. ఇల్లు ఎంచుకోవడం

ఎయిర్‌కిచెన్, ట్రావెలింగ్ స్పూన్ లాంటి వెబ్‌సైట్లలో తమ ఇంట్లోనే వంట నేర్పేవాళ్లు దొరుకుతారు. నగోమి విజిట్‌లో ఇంటివాళ్లతో కలిసి భోజనం చేయడం ప్రధానం. ‘కుకింగ్ క్లాస్’ అని వెతికితే స్టూడియోలు కూడా వస్తాయి. అక్కడ పదిమంది వరసగా నిలబడి, ముందే తరిగిపెట్టిన ముక్కలను కలిపి ఫొటో దిగి వస్తారు. సరదాకి బాగుంటుంది గానీ, వంట వస్తుందని నేననను.

రివ్యూలు చదివేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టకండి. వచ్చినవాళ్లు ఏం పని చేశారో చూడండి. ‘మేమే తరిగాం, మేమే వండాం’ అని రాసి ఉంటే మంచిది. ‘ఆవిడ చాలా చక్కగా చేసి చూపించారు’ అని ఉంటే మీరు ప్రేక్షకులే. ఒకేసారి నలుగురికి మించి తీసుకోని ఇల్లు చూసుకోండి. జపాన్ నగరాల్లో వంటగదులు చిన్నవి, ఐదో మనిషికి గుమ్మంలోనే చోటు.

ఊరిని బట్టి రుచి మారుతుంది. టోక్యో వైపు ముదురు రంగు సోయా సాస్, కాస్త తీపి ఎక్కువ. క్యోటో, ఒసాకా వైపు లేత రంగు సోయా సాస్ వాడకం ఎక్కువ, సూపులకు మూలమైన రసం ‘దాషి’ రుచి ముందుకొస్తుంది. లేత రంగు కదా అని ఉప్పు తక్కువనుకోకండి, ముదురుదానికంటే దాంట్లోనే ఉప్పు ఎక్కువ. కూరగాయల వంటలు కావాలంటే నా ఓటు క్యోటోకే. అక్కడి ఇంటి కూరలను ‘ఒబన్‌జాయ్’ అంటారు, వాటిలో కూరగాయలు, టోఫు బాగా కనిపిస్తాయి.

2. బుక్ చేసేటప్పుడే రాయాల్సిన మెసేజ్

‘ఐ యామ్ వెజిటేరియన్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. మాంసం ముక్క కనిపించకపోతే శాకాహారమే అనుకునేవాళ్లు ఉంటారు, అది వాళ్ల తప్పు కాదు. చేప కంటికి కనిపించకుండా దాషిలో, అంటే దాదాపు ప్రతి సూపుకీ ఉడికించిన కూరకీ మూలమైన ఆ రసంలో ఉంటుంది. ఎండబెట్టి పొగబెట్టిన చేపను చెక్కపొట్టులా పల్చగా చెక్కిన ‘కత్సువోబుషి’తోనో, ‘నిబోషి’ అనే ఎండు చిన్నచేపలతోనో దాన్ని తీస్తారు. సూపర్‌మార్కెట్లో దొరికే దాషి పొడుల్లో ఎక్కువభాగం చేపవే.

కాబట్టి తిననివాటిని పేరుపేరునా రాయండి. చేప, చేప దాషి, గొడ్డుమాంసం, పందిమాంసం, గుడ్డు, వీటిలో ఏవి వద్దో విడివిడిగా చెప్పాలి. బంగాళాదుంపల కూర ‘నికుజాగా’లో ఒసాకా వైపు గొడ్డుమాంసం, టోక్యో వైపు పందిమాంసం వేయడం మామూలే. జపాన్ కర్రీ దిమ్మల్లో చాలావాటిలో జంతువుల కొవ్వు ఉంటుంది. మద్యం అసలు ముట్టనివారు వంటల్లో పడే బియ్యపు మద్యాలు మిరిన్, సాకేల సంగతి కూడా చెప్పాలి. అసలు మిరిన్‌లో ఆల్కహాల్ 14 శాతం దాకా ఉంటుంది. గోధుమ పడనివారికి సోయా సాసే చిక్కు, మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది.

ఉల్లి, వెల్లుల్లి కూడా తినని ఇళ్లవాళ్లకు ఒక మంచి దారి ఉంది. బౌద్ధ ఆలయాల వంట ‘షోజిన్ ర్యోరి’లో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయరు. ఆలయంలో వంట చేసేవాడు ఎలా మెలగాలో జెన్ గురువు దోగెన్ 1237లోనే ఒక గ్రంథం రాశాడు, అంత పాత సంప్రదాయం అది. ‘షోజిన్ పద్ధతిలో వండగలరా?’ అని అడిగితే ఇంటివాళ్లకు విషయం వెంటనే అర్థమవుతుంది.

ఇవన్నీ కనీసం వారం ముందు రాయండి. హోస్టు సరుకులు తెచ్చేది మీ మెసేజ్ చూసుకునే. అక్కడికి వెళ్లాక ‘ఇది తినం’ అంటే ఆవిడకు టెన్షన్, మీకు మొహమాటం.

మెనూ కూడా మీరే అడగండి. మొదటిసారికి అన్నం, దాషి, మిసో సూప్, చుట్టిన గుడ్డట్టు, పాలకూర నువ్వుల కూర, ఒక ఉడికించిన కూర చాలు. గుడ్డు తిననివారు దాని బదులు టోఫు వంటకం అడగొచ్చు.

3. గుమ్మం దగ్గర

చెప్పిన టైముకే వెళ్లండి. పావుగంట ముందు వెళ్లడం కూడా ఇబ్బందే, అప్పటికి ఆవిడ ఇల్లు సర్దుకుంటూ ఉంటారు. ఆలస్యమయ్యేలా ఉంటే ఐదు నిమిషాలైనా సరే మెసేజ్ పెట్టండి.

ఉత్త చేతులతో వెళ్లొద్దు. పెద్ద బహుమతి అక్కర్లేదు, విడివిడిగా చుట్టిన చిన్న స్వీట్ల డబ్బా సరిపోతుంది. నువ్వుండలు తీసుకెళ్లండి, నువ్వులంటే వాళ్లకు కొత్త కాదు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు మాత్రం మన దేశం నుంచి పట్టుకెళ్లకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకపోతే ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు.

చెప్పులు గుమ్మం దగ్గర పల్లంలో విడవాలి, ఇది మనకు కొత్తేమీ కాదు. బాత్రూమ్ గుమ్మంలో వేరే స్లిప్పర్లు ఉంటాయి, వాటితోనే వంటగదిలోకి వచ్చేయకండి. చిరుగుల్లేని సాక్సులు, ఒక ఏప్రన్, చేతులు తుడుచుకోవడానికి చిన్న టవల్ వెంట ఉంచుకోండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. సెంటు కొట్టుకోవద్దు, దాషి వాసన పట్టుకోవడమే ఆ రోజు మీ మొదటి పాఠం.

ఫొటోలు తీసేముందు అడగాలి, పిల్లలుంటే మరీనూ. తొక్కలు సింకు మూలలో ఉండే జల్లిబుట్టలో వేయండి. వాడిన నూనె సింకులో పోయరు, గడ్డకట్టించే పొడి కలిపి చెత్తలో వేస్తారు. ఏ చెత్త ఏ డబ్బాలోకో ఊహించకుండా అడిగేయండి.

4. అన్నం

జపాన్ బియ్యం కొలిచే కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో బియ్యం సుమారు 150 గ్రాములు పడుతుంది. కూరలకు వాడే కప్పు 200 మిల్లీలీటర్లది. రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

మొదటి నీళ్లు పోసి, ఒకసారి తిప్పి వెంటనే పారబోయాలి. పొడి బియ్యం నీళ్లను గబగబా పీల్చుకుంటుంది, ఆలస్యం చేస్తే తవుడు వాసన గింజలోకి పోతుంది. తర్వాత వేళ్లు కాస్త ముడిచి, గింజ విరగకుండా గుండ్రంగా తిప్పి, రెండు మూడుసార్లు కడగాలి. నీళ్లు అద్దంలా తేటపడేదాకా కడగక్కర్లేదు. వేసవిలో అరగంట, చలికాలంలో గంట నానబెడతారు. ఒక కప్పు బియ్యానికి 200 మిల్లీలీటర్ల నీళ్లు. ఉడికాక పది నిమిషాలు మూత తీయకుండా ఉంచి, అడుగు నుంచి కోస్తున్నట్టు కలపాలి. అన్నం కొంచెం అంటుకుంటూ ముద్దముద్దగా ఉంటుంది, మెత్తబడిందని కంగారుపడకండి. చాప్‌స్టిక్స్‌తో తినాలంటే అలాగే ఉండాలి.

5. దాషి: అసలు పాఠం ఇక్కడే

కావాల్సినవి మూడే: లీటరు నీళ్లు, 10 గ్రాముల కొంబు, 20 నుంచి 30 గ్రాముల కత్సువోబుషి. కొంబు అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు. దానిమీద తెల్లటి పొడి ఉంటుంది. మురికి అనుకుని కడిగేయకండి, రుచిలో కొంత ఆ పొడిలోనే ఉంది. దుమ్ముంటే తడిగుడ్డతో పైపైన తుడిస్తే చాలు.

కొంబును చన్నీళ్లలో అరగంట నానబెట్టి, అదే గిన్నెను సన్నటి సెగమీద పెట్టండి. దాదాపు పది నిమిషాలు పడుతుంది. ఈ పది నిమిషాలూ ఫోన్ చూడకండి, గిన్నెలోకి చూడండి. ముందు కొంబు విచ్చుకుని ముదురు ఆకుపచ్చ రంగులోకి వస్తుంది. తర్వాత గిన్నె అడుగున, అంచుల వెంట ఆవగింజంత బుడగలు లేస్తాయి. కొంబు బయటికి తీయాల్సింది సరిగ్గా అప్పుడే. తెర్లనిస్తే జిగురు, నాచు వాసన దిగుతాయి.

ఇప్పుడు ఒక చెంచాడు పక్కకు తీసి రుచి చూడండి. ఏమీ లేనట్టే ఉంటుంది. రవ్వంత ఉప్పు వేసి మళ్లీ చూడండి. నోటి వెనక భాగంలో, మింగాక కూడా ఏదో నిలిచి ఉంటుంది. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో కికునాయే ఇకెదా 1908లో ఈ రుచి వెంటే పడి, కొంబులోంచి గ్లుటామేట్‌ను విడదీసి దానికి ‘ఉమామి’ అని పేరు పెట్టాడు.

తర్వాత నీళ్లను ఒక పొంగు రానిచ్చి, స్టవ్ ఆపి, కత్సువోబుషి అంతా ఒకేసారి వేయండి. కలపొద్దు. అది దానంతట అదే మునిగేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగి, గుడ్డలో వడకట్టండి. గుడ్డను పిండాలని చెయ్యి లాగుతుంది, పిండకండి, నీచు వాసన, చేదు దిగుతాయి. లేత బంగారు రంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉండాలి.

మళ్లీ అంతే ఉప్పు వేసుకుని రుచి చూడండి. ఇందాకటికి రెండింతలు కాదు, చాలా రెట్లు గట్టిగా తగులుతుంది. కొంబులోని గ్లుటామేట్, చేపలోని ఇనోసినేట్ కలిస్తే ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఎండు షిటాకే పుట్టగొడుగుల్లోని గ్వానిలేట్ కూడా ఇదే పని చేస్తుంది. శాకాహారులకు ఇది నిజంగా మంచి వార్త. నాలుగైదు ఎండు షిటాకేలు, ఒక కొంబు ముక్క చన్నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దునకి దాషి సిద్ధం. వేణ్నీళ్లలో తొందరగా నానబెడితే రుచి అంతగా రాదు.

మిగిలిన కొంబు, చేప చెక్కులు పారేయరు. వాటితోనే రెండో దాషి తీస్తారు, కూరలకు అది చక్కగా సరిపోతుంది. ఈ ఒక్క పని చేతికొచ్చినా క్లాసుకు కట్టిన డబ్బులు వసూలైనట్టే.

6. మిసో సూప్

నలుగురికి 800 మిల్లీలీటర్ల దాషి, నాలుగు టేబుల్ స్పూన్ల మిసో. ముల్లంగి, క్యారట్ లాంటి దుంపలైతే చల్లటి దాషిలోనే వేసి ఉడికించాలి. టోఫు, నానబెట్టిన వకామే నాచు చివర్లో వేయాలి. స్టవ్ ఆపాకే మిసోను గరిటెలోనో చిన్న జల్లిలోనో పెట్టి, దాషిలోనే చాప్‌స్టిక్స్‌తో కరిగించాలి. మళ్లీ వెలిగించి, అంచుల్లో కదలిక రాగానే ఆపేయాలి. మిసో పడ్డాక మరిగితే ఘుమఘుమ అంతా ఆవిరైపోతుంది. అందుకే ఈ సూపు మొత్తం భోజనంలో ఆఖరున పొయ్యి ఎక్కుతుంది.

మిసో తెలుపు, ఎరుపు రకాల్లో ఉప్పు వేరువేరుగా ఉంటుంది. క్యోటో తెల్ల మిసో తియ్యగా ఉంటుంది, ఐచి ప్రాంతపు హాచో మిసో నల్లగా, ఘాటుగా ఉంటుంది. అందుకని చెంచాల లెక్క మొదటిసారికే, ఆ తర్వాత నాలుకే కొలత.

7. పాలకూర, నువ్వులు

‘గోమాఆయే’ అనే ఈ కూర తెలుగువాళ్ల చేతికి ఇట్టే వస్తుంది. అయినా ఇంటివాళ్ల చేతుల్ని దగ్గరుండి చూడండి. నువ్వులు నూరే ‘సురిబాచి’ మట్టిగిన్నె, లోపల గీతలు గీతలుగా ఉంటుంది. కింద తడిగుడ్డ పరిచి, జారకుండా పెడతారు. కర్రను ఒక చెయ్యి పైనుంచి కదలకుండా పట్టుకుంటుంది, రెండో చెయ్యి మధ్యలో పట్టి తిప్పుతుంది. దంచడం ఉండదు, నూరడమే. మూడు టేబుల్ స్పూన్ల వేయించిన నువ్వులు సగం నలిగి, సగం గింజలుగా ఉండగానే ఆపేస్తారు. ఇంకా నూరితే నూనె తేలి ముద్దవుతుంది. అందులోకి ఒక టేబుల్ స్పూన్ పంచదార, ఒక టేబుల్ స్పూన్ సోయా సాస్.

200 గ్రాముల పాలకూరను ముందు కాడలు, ఆపై ఆకులు మునిగేలా మరిగే నీళ్లలో వేసి, ఒక నిమిషం లోపే తీసి చన్నీళ్లలో వేయాలి. గట్టిగా పిండి, నాలుగు చుక్కల సోయా సాస్ చల్లి మళ్లీ పిండాలి. ఈ రెండో పిండుడు చాలామంది వదిలేస్తారు, కూర నీళ్లు కారేది అందుకే. కలపడం వడ్డించే ముందే.

8. చుట్టిన గుడ్డట్టు

తమాగోయాకికి నలుచదరపు పెనం ఉంటుంది. మూడు గుడ్లు, మూడు టేబుల్ స్పూన్ల దాషి, ఒక చెంచా పంచదార, అర చెంచా సోయా సాస్, చిటికెడు ఉప్పు. చాప్‌స్టిక్స్‌ను గిన్నె అడుగుకు ఆనించి, తెల్లసొనను కోస్తున్నట్టు అటూ ఇటూ కదపండి. నురగ రాకూడదు. దోసె పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాసినట్టే ఇక్కడ మడిచిన పేపర్ టవల్‌తో రాస్తారు, ప్రతి పొరకీ.

ఒక చుక్క వేస్తే చుయ్యిమనాలి. మూడో వంతు పోసి, లేచిన బుడగలు పొడిచి, పైన ఇంకా తడిగా ఉండగానే దూరపు అంచు నుంచి మీవైపు చుట్టండి. చుట్టను దూరంగా తోసి, నూనె రాసి, మళ్లీ పోయండి. ఈసారి చుట్టను కాస్త పైకెత్తి, పచ్చిసొన దాని కిందికి పారేలా పెనం వంచాలి, పొరలు అతుక్కునేది దాంతోనే. లోపలి మొదటి చుట్ట వంకరగా వచ్చినా దిగులు లేదు, పై పొర కప్పేస్తుంది. ఆఖర్న వెదురు చాపలో చుట్టి రెండు నిమిషాలు ఉంచితే అంచులు చక్కబడతాయి. మొదటి అట్టు ఇంటావిడ చేసి చూపించాక, రెండోది మీ చేతికే ఇమ్మని అడగండి.

9. ఉడికించిన కూర

దాషి ఎనిమిది పాళ్లు, మిరిన్ ఒకటి, సోయా సాస్ ఒకటి. గుమ్మడి, ముల్లంగి, బంగాళాదుంప, ఏదైనా ఈ లెక్కలో ఉడుకుతుంది. గిన్నె నోటికంటే చిన్నదైన చెక్కమూత ‘ఒతోషిబుతా’ను నేరుగా ముక్కల మీదే పెడతారు, కొద్ది రసమే పైదాకా ఎక్కుతుంది, ముక్క చెదరదు. తీపి ముందు, ఉప్పు తర్వాత, సోయా సాస్, మిసో ఆఖరున పడాలి. ఉప్పు ముందు పడితే తీపి ముక్కలోకి సరిగా దిగదు. వండిన వెంటనే తినకండి, చల్లారేటప్పుడే ముక్క రుచి పీల్చుకుంటుంది.

10. భోజనం దగ్గర

అన్నం గిన్నె ఎడమవైపు ముందు, సూపు కుడివైపు ముందు, కూరలు వెనక. తినేముందు ‘ఇతదాకిమాస్’, తిన్నాక ‘గొచిసోసమా దెషితా’ అనాలి. గిన్నె చేత్తో పైకెత్తి తినడం తప్పు కాదు, పద్ధతే. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చడం, ఒకరి చాప్‌స్టిక్స్ నుంచి ఇంకొకరి చాప్‌స్టిక్స్‌కు తిండి అందించడం మాత్రం చేయకూడదు, రెండూ చావు కర్మలకు సంబంధించినవి. అన్నంలో సూపు, కూర కలిపేసుకోకండి, తెల్లన్నం మీద సోయా సాస్ పోయకండి. ఒక ముద్ద అన్నం, ఒక ముక్క కూర, ఒక గుక్క సూపు, అలా సాగాలి. పక్కన ఆవకాయ డబ్బా తెరవాలన్న కోరికను ఆ పూటకు ఆపుకోండి.

గిన్నెలు కడగడానికి సాయం చేస్తానని అడగండి. చాలాసార్లు వద్దంటారు. ఒప్పుకుంటే మాత్రం వదులుకోకండి, అసలు చిట్కాలు బయటపడేది సింకు దగ్గర కబుర్లలోనే.

11. ఇంటికొచ్చాక

నోట్సులో గ్రాములతో పాటు చూసినవి, విన్నవి రాసుకోండి: బుడగ ఎంత ఉన్నప్పుడు కొంబు తీశారు, నువ్వులు ఎంతవరకు నలిపారు, గుడ్డు వేసినప్పుడు చప్పుడు ఎలా ఉంది. వారం తిరగకముందే ఒకసారి వండండి.

కొనుక్కోవాల్సినవి కొంబు, ఎండు షిటాకే, మిసో. మొదటి రెండూ తేలిక, గాలి తగలకపోతే నెలలపాటు నిలవుంటాయి. మిసోను అంతర్జాతీయ విమానాల్లో ద్రవంగానే లెక్కేస్తారు, చెకిన్ బ్యాగులో పెట్టండి. సురిబాచి బరువు, మోయక్కర్లేదు. మిక్సీలో నువ్వుల్ని రెండుసార్లు ఆపి ఆపి తిప్పితే సరిపోతుంది. చదరపు పెనం లేకపోతే గుండ్రటి నాన్‌స్టిక్‌లో చుట్టి, రెండు చివరలూ కోసేయండి. బియ్యం మాత్రం సోనామసూరితో సరిపెట్టుకుంటే చాప్‌స్టిక్స్‌కు రాదు, పొట్టి గింజ బియ్యమే కొనాలి.

మిసో డబ్బా తెరిచాక ఫ్రిజ్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో పెట్టినా ఉప్పు వల్ల రాయిలా గడ్డకట్టదు, చెంచా అలాగే దిగుతుంది.